అత్తయ్య ఓటు, బ్యూలా చెయ్యి

డైనింగ్ టేబుల్ తుడవమని ఎరిక్ పొద్దుటినుంచి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ బ్యూలా తుడిచింది. ఇరవై మూడేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు తుడుస్తున్న టేబులే అది. ఎప్పుడూ ఎవరూ ఇలా పక్కన నిలబడి చూసింది లేదు. ఇవాళ దానిమీద ఎన్నిక జరగబోతోంది మరి! ఎనభై అయిదు దాటినవాళ్ళు పోలింగ్ బూత్ దాకా రానక్కర్లేదు, అధికారులే ఇంటికి వచ్చి ఓటు వేయించుకుంటారు. అత్తగారు జ్ఞానమణికి ఎనభై ఏడు. ఫారం నింపింది బ్యూలా, ఆధార్ కాపీ తీయించింది బ్యూలా, వెస్ట్ మారేడ్‌పల్లి సందులన్నీ తిరిగి బూత్ ఆఫీసరు ఎవరో కనుక్కుని చేతిలో పెట్టి వచ్చింది బ్యూలా. "మా అమ్మకి ఇంటి ఓటు పెట్టించాను" అని చర్చిలో అందరికీ చెప్పుకున్నది మాత్రం ఎరిక్. పోనివ్వండి, అదేం కొత్త సంగతి కాదు.

ఆ ఇంట్లో ఎవరికి ఓటెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఈ మాట ఎరిక్ గర్వంగా అంటాడు. "మా ఇంట్లో ఫుల్ డెమోక్రసీ అండీ" అంటాడు చర్చి కమిటీలో, ఆయన దానికి సెక్రటరీ కూడాను. నిజమే, చెప్పడు. ప్రార్థన చేస్తాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, సాయంత్రం ఏడున్నరకి కుటుంబ ప్రార్థనలో రోగుల పేర్లు, ప్రయాణంలో ఉన్నవాళ్ళ పేర్లు అయ్యాక ఒక పేరు కొత్తగా చేరుతుంది. "పరలోకమందున్న మా తండ్రీ, మంచివాడు, కుటుంబ విలువలు తెలిసినవాడు అయిన ఉదయ్ భాస్కర్ గారికి జయము దయచేయుము." చుట్టూ మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు ఆమెన్ అంటారు. అంతే. "ఆమెన్ అన్నాక దేవుడి ఎదుట మాట ఇచ్చినట్టే" అని పెళ్ళయిన కొత్తల్లోనే బ్యూలాకి వివరంగా చెప్పాడు. అలా ఆవిడ ఇప్పటికి పదకొండు ఎన్నికల్లో మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది కూడాను.

ఈసారి ఆమెన్ అనేటప్పుడు మాత్రం నోరు సరిగా తిరగలేదు. కారణం కల్పలత. లాయరు, మొదటిసారి నిలబడుతోంది, భర్తనుంచి విడాకులు తీసుకుంది. టీవీలో ఆవిడ కనబడితే ఎరిక్ రిమోట్ కోసం వెతుక్కుంటాడు. "మొగుణ్ణి వదిలేసిన మనిషి. సొంత కాపురం చక్కబెట్టుకోలేనిది నియోజకవర్గాన్ని చక్కబెడుతుందట! అబ్బో!" అంటాడు. పోయినవారం ఆ మాట అంటున్నప్పుడు, చపాతీ పిండి కలుపుతున్న బ్యూలా "ఆవిడ వదిలేసిందో, బతుకు జీవుడా అని బయటపడిందో మనకేం తెలుసండీ?" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది. ఆ రాత్రి ప్రార్థనలో "మా గృహములోనికి వచ్చు లోకపు ఆలోచనలను తొలగించుము" అనే వాక్యం ఒకటి ఎక్కువైంది.

సరిగ్గా పదకొండింటికి బెల్లు మోగింది. ఇద్దరు ఉద్యోగులు, ఒక కానిస్టేబులు, భుజానికి కెమెరా తగిలించుకున్న కుర్రాడు. ముందు నడుస్తున్న అధికారిణి మెడలోని కార్డు మీద యామిని అని ఉంది. మే నెల ఎండకి మొహం కందిపోయింది. ఎరిక్ సమోసాలు, కూల్‌డ్రింకులు ముందే తెప్పించి పెట్టాడు. "వద్దు సార్, ఏం తీస్కోవద్దు మేము. మంచినీళ్ళియ్యండి చాలు" అంది యామిని. బ్యూలా నీళ్ళ గ్లాసులు ఇస్తుంటే, "అక్కా, పొద్దుగాల అల్వాల్‌ల షురూ చేసినం, ఇది తొమ్మిదో ఇల్లు" అని నవ్వింది.

టేబుల్ మీద అట్టతో చేసిన తెర నిలబెట్టారు. మూడు వైపులా మూసి ఉంటుంది, లోపల ఏం రాస్తున్నారో బయటికి కనబడదు. జ్ఞానమణిని బ్యూలా నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడకి రెండు కళ్ళకీ గ్లకోమా. మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం తెలియదు.

"అమ్మా, కండ్లు మంచిగ కనవడకుంటే ఒకర్ని తోడు పెట్టుకోవచ్చు. మీరు చెప్పినోళ్ళకే వాళ్ళు టిక్కు పెడతరు" అంది యామిని.

"నేనున్నాను కదండీ, కొడుకుని" అంటూ ఎరిక్ అప్పటికే కుర్చీ లాక్కున్నాడు. జేబులో కొత్త పెన్ను. పొద్దున్నే కాగితం మీద గీసి చూసుకున్నాడు కూడా.

"సార్, జెర ఆగుండ్రి. అమ్మ చెప్పాలె. కెమెరా నడుస్తున్నది. అమ్మా, ఎవరు కావాలె మీకు?"

జ్ఞానమణి తల ఇటూ అటూ తిప్పింది. అందరి నీడల్లోంచి ఒక నీడని పట్టుకున్నట్టు వంటింటి గుమ్మం వైపు ఆగింది.

"బ్యూలా."

"అమ్మా, బ్యూలాకి వంటింట్లో పనుందే" అన్నాడు ఎరిక్, నవ్వుతూనే.

"ఉంటే ఉందిలేరా. ఇరవై మూడేళ్ళుగా ఆగని పని, పావుగంట ఆగనీ."

హాల్లో సోఫా మీద ఫోను చూసుకుంటున్న కూతురు షెకీనా తలెత్తి చూసింది. ఎరిక్ మొహం పాలిపోయింది. యామిని ఒక కాగితం బ్యూలా ముందు పెట్టింది. ఈ ఎన్నికల్లో ఇంకే ఓటరుకీ తోడుగా లేనని, ఈమె ఎవరికి వేసిందో ఎవరికీ చెప్పనని హామీ. కింద సంతకం. బ్యూలా పెళ్ళయ్యాక చాలా కాగితాల మీద సంతకం పెట్టింది, ఎరిక్ వేలు పెట్టి చూపించిన చోటల్లా. పూర్తిగా చదివి పెట్టిన సంతకం ఇదే మొదటిది. ఎరిక్ పెన్ను ఇవ్వలేదు. యామినే తన పెన్ను ఇచ్చింది.

తెర వెనక అత్తాకోడళ్ళ తలలు రెండూ దగ్గరయ్యాయి. జ్ఞానమణి దగ్గర తలనొప్పి మందు వాసన. బ్యూలా పేర్లన్నీ పైనుంచి కిందికి చెవిలో మెల్లిగా చదివింది. మూడోది కల్పలత. అయిదోది ఉదయ్ భాస్కర్. అత్తగారు తననే ఎందుకు పిలిచిందో తనకి అప్పటికే అర్థమైపోయిందనుకుంది బ్యూలా. కొడుక్కి తెలియకుండా ఆ మూడో పేరుకి వెయ్యడానికి కాకపోతే ఇంకెందుకు?

"ఉదయ్ భాస్కర్" అంది జ్ఞానమణి.

బ్యూలా సరిగా వినలేదేమో అనుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే పేరు. ఇదిగో, ఆ నిమిషంలో బ్యూలా మనసులో ఏం జరిగిందో దాచకుండా చెప్పుకోవాలి. మూడో పేరుకీ అయిదో పేరుకీ మధ్య రెండంగుళాలు కూడా లేదు. పెన్ను తన చేతిలో ఉంది. అత్తగారికి కనబడదు, కెమెరా తెర అవతల ఉంది. ఇది ఆవిడ సొంత మాట కాదు, కొడుకు ప్రార్థన ఆవిడ నోట్లోంచి వస్తోంది, అంతేగా? పాపం, పెద్దావిడ, లోకం తెలియదు, నెలరోజులుగా ఆ పేరే చెవిలో పడుతోంది, ఆమెన్ అని అని అలవాటైపోయింది. ఆవిడకి తెలిసుంటే మంచివాళ్ళకే వేసేది. కాబట్టి ఆవిడ మంచికోసం, ఆడవాళ్ళ అందరి మంచికోసం, ఈ ఒక్క టిక్కు రెండంగుళాలు పైకి జరిపితే పాపమా? పుణ్యమే కదా! ఇంత దూరం వచ్చాక బ్యూలాకి ఆ గొంతు ఎవరిదో తెలిసింది. "నీకు తెలియదులే, నీ మంచికే" అనే గొంతు. తను పీహెచ్‌డీ చేస్తానంటే అన్నది, డ్రైవింగ్ నేర్చుకుంటానంటే అన్నది, పుట్టింటికి వెళ్ళొస్తానంటే అన్నది. ఇన్నేళ్ళూ అది ఎరిక్ గొంతే అనుకుంది. తన లోపల కూడా ఇంత చక్కగా కాపురముంటోందని ఇవాళే తెలిసింది.

అయిదో పేరు ఎదురుగా టిక్కు పెట్టింది. అత్తగారి చూపుడువేలు పట్టుకుని ఆ టిక్కు మీద ఆనించింది. "ఇక్కడ అత్తయ్యా. మీరు చెప్పిన పేరే."

"గట్టిగా పెట్టావా?"

"పెట్టాను."

"మంచిది" అంది జ్ఞానమణి. కాగితం మడిచి, కవర్లో పెట్టి, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టి అంటించారు. వాళ్ళు వెళ్ళాక సమోసాలు ఎవరూ ముట్టుకోలేదు.

"అమ్మ ఎవరికేసింది?" అన్నాడు ఎరిక్ తలుపు వేసిన వెంటనే.

"చెప్పనని సంతకం పెట్టానండీ."

"నాక్కూడానా?"

"ఆ కాగితంలో మొగుడికి తప్ప అని లేదు."

ఇది కొంటెగా అన్నది కాదు, నిజంగానే లేదు కాబట్టి అన్నది. కానీ ఎరిక్ మొహం చూస్తే ఆ తేడా ఆయనకి తెలిసినట్టు లేదు.

మధ్యాహ్నం మూడింటికి కళ్ళలో చుక్కలు వెయ్యాలి. ఆ పని ఏడేళ్ళుగా బ్యూలాదే. బేగంపేటలో ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో పొద్దునా సాయంత్రం తనే వేస్తుంది, మధ్యాహ్నం చుక్క కోసం షెకీనాకి ఫోను చేసి గుర్తు చేస్తుంది. మొదటి పదేళ్ళూ ఈ అత్తగారు బ్యూలా వంటకి వంక పెట్టని పూట లేదు. "మీ పుట్టింట్లో చింతపండు ఊరికే వస్తుందేమో" అనేది. చూపు తగ్గుతున్నకొద్దీ నోరు కూడా తగ్గింది. ఇవాళ తలగడ మీద తల వెనక్కి పెట్టుకుని, మొదటి చుక్క పడగానే తనే మొదలుపెట్టింది.

"నీకు కోపమొచ్చింది కదూ?"

"కోపమేం లేదత్తయ్యా. ఆయన చెప్పిన పేరేగా అనుకున్నా."

"ఎరిక్ చెప్పినందుకు కాదే. ఆ అబ్బాయి తల్లి నాకు తెలుసు. కమలాబాయి. నేను నర్సుగా చేసిన ఆస్పత్రిలో ఆయా." జ్ఞానమణి రెండో కంటికోసం తల తిప్పింది. "ఎరిక్ పుట్టి రెండు నెలలు. నాకు టైఫాయిడ్ వచ్చింది. పాలు ఎండిపోయాయి. డబ్బా పాలు వాడికి పడలేదు. కమలాబాయికి అప్పుడే ఈ ఉదయ్ పుట్టాడు. మూడువారాలు ఇద్దర్నీ ఒళ్ళో వేసుకుని పాలిచ్చింది. వాడు బతికాడంటే ఆవిడ పాలతోనే."

బ్యూలా చేతిలో మందు సీసా అలాగే ఉండిపోయింది.

"మీ మామయ్యకి తెలిసింది. ఆయన పేరుకి బైబిల్లో జీవరాశినంతా ఓడెక్కించుకున్న నోవహు గానీ, మనసులో ఎక్కించుకునే ఓడ చాలా చిన్నది. ఆయా పాలు పట్టించావా, మన ఇంటి పరువేం కావాలి అన్నారు. ఉద్యోగం మానిపించారు. కమలాబాయి మొహం చూడొద్దన్నారు. నేనూ చూడలేదు. ఆవిడ పోయినప్పుడు కూడా వెళ్ళలేదు, ఆయన లేకపోయినా సరే, సిగ్గేసి. ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదే నేను. ఇవాళ చెప్పుకున్నాను."

కళ్ళవెంట కారుతున్నది మందో నీళ్ళో తెలియలేదు. బ్యూలా దూదితో తుడిచింది.

"మీ అబ్బాయికి చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెబితే వాడు దాన్ని కూడా ప్రార్థనలో పెడతాడు."

ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ కలిసి నవ్వింది ఎప్పుడో బ్యూలాకి గుర్తులేదు. నవ్వు ఆగాక అసలు సంగతి అడిగింది. అదే పేరయినప్పుడు కొడుకునే పిలవచ్చుగా, తనెందుకు?

"వాడైతే నేను నోరు తెరవకముందే టిక్కు పెట్టేస్తాడు. అప్పుడది వాడి ఓటు. నువ్వైతే వింటావు. నీకు ఆ లాయరమ్మ ఇష్టమని నాకు తెలుసు. అయినా నేను చెప్పిందే పెడతావనీ తెలుసు. చూపు పోయాక మనుషులు బాగా తెలుస్తున్నారే పిల్లా."

ఇరవై మూడేళ్ళలో ఆ ఇంట్లో బ్యూలా వంటని నమ్మారు, ఓపికని నమ్మారు, జీతం నెల మొదట్లో వస్తుందని నమ్మారు. నిన్ను నమ్ముతున్నానని, అదీ నాకు ఇష్టం లేనిదాన్ని కోరుకుంటున్న మనిషివని తెలిసీ నమ్ముతున్నానని ఎవరన్నారు? ఆ పెన్ను రెండంగుళాలు పైకి వెళ్ళుంటే ఈ మాట వినే మొహం తనకి ఉండేదా? దేవుడా, ఎంత తప్పించావు అనుకుంది. అత్తగారి పాదాలు నొక్కుతూ కూర్చుంది. రోజూ చేసే పనే, ఇవాళ ఎవరూ చెయ్యమనలేదు.

ఆ కూర్చోవడంలోనే తన సంగతీ ఆలోచించుకుంది. పాలిచ్చిన తల్లి కొడుకని ఓటెయ్యడం ఏం న్యాయం అని మొదట అనిపించింది. మరి తనది? పార్టీ కాగితం చదివి కల్పలతని ఇష్టపడిందా? రెండేళ్ళ కిందట కల్పలత తమ ఆఫీసులో ఆడవాళ్ళకి చట్టాల గురించి చెప్పడానికి వచ్చింది. ఆ ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు కొయ్యాల్సింది బ్యూలానే. "మీరు కోస్తే ముక్కలు సమానంగా వస్తాయండీ" అంటాడు మేనేజరు, తర్వాత ఆ ప్లేట్లన్నీ సర్దాల్సిందీ ఆవిడే. ఆరోజు కల్పలత టీ తాగి, లేచి, తన కప్పు సింకులో తనే కడిగింది. పక్కనున్న బ్యూలాతో "మీది కూడా ఇటివ్వండి" అని చేతిలోంచి తీసుకుని కడిగేసింది. అంతే, అదే బ్యూలా రాజకీయం. ఎరిక్‌కి మాత్రం? మామగారు పోయినప్పుడు ఉదయ్ భాస్కర్ వచ్చి శవపెట్టెకి భుజం పట్టాడు, నారాయణగూడ సమాధుల దాకా ఎండలో నడిచాడు. కుటుంబ విలువలూ, నీతీ అని ఎరిక్ ఎంత చెప్పినా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేది ఆ భుజం గుర్తొచ్చినప్పుడే. పాలో, కప్పో, భుజమో. ముగ్గురూ ఎవరో చేసిన మేలు పట్టుకుని వేలాడుతున్నవాళ్ళే, అది నీతి అని ఒకళ్ళు, న్యాయమని ఇంకొకళ్ళు పేర్లు పెట్టుకున్నారు. అలా అనుకున్నాక ఎరిక్ మీద కొంచెం జాలి కూడా కలిగింది.

ఆ జాలి సాయంత్రం దాకా నిలవలేదు. "అమ్మ ఓటు దొంగిలించావు" అన్నాడు ఎరిక్, షెకీనా ముందే. "కళ్ళు లేని ముసలిదాన్ని మోసం చేసి ఆ విడాకుల దానికి వేశావు. నీ మొహంలో తెలుస్తోంది."

"నేను అత్తయ్య చెప్పిందే పెట్టాను."

"అయితే పేరు చెప్పు."

ఒక్క పేరు. రెండు ముక్కలు. అది చెబితే ఆయన మొహం విప్పారిపోతుంది, ఐస్‌క్రీం కూడా తెస్తాడు. బ్యూలా పెదవులు తెరిచి మూసేసింది. అయిదు రోజులు ఎరిక్ ఇంట్లో భోంచెయ్యలేదు. ప్యారడైజ్ దగ్గర తినొచ్చి, ఆ సంగతి అందరికీ వినబడేలా షెకీనాకి చెప్పేవాడు. "దొంగ" అన్న మాట బ్యూలాని మెట్రోలో, ఆఫీసులో, అన్నం ముందు పొడుస్తూనే ఉంది. ఒకరోజు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చింది కూడా. ఆరోజే జ్ఞానమణి పిలిచి, "నీకీ తిప్పలెందుకే, నేను చెప్పేస్తానుండు. ఒరేయ్ నువ్వు అనుకున్న మనిషికేరా అంటే సరిపోతుంది" అంది.

"వద్దత్తయ్యా" అంది బ్యూలా. అంత వెంటనే వచ్చింది ఆ మాట. "ఇవాళ మీ ఓటు చెప్పుకుని నేను మంచిదాన్నైతే, రేపు నా ఓటూ చెప్పుకుని మంచిదాన్ని కావాలి. ఎల్లకాలం అలా రుజువు చేసుకుంటూనే ఉండాలి."

జ్ఞానమణి కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, మీ మామయ్య ఉద్యోగం మానిపించిన రోజు, నాకు ఈ మాట తోచలేదు చూడు" అంది.

పోలింగ్ ముందురోజు ఏడున్నరకి ప్రార్థనకి చేరారు. మర్నాడు బ్యూలా, ఎరిక్, మొదటి ఓటు కాబట్టి పొద్దుటినుంచి అద్దం ముందే ఉన్న షెకీనా, ముగ్గురూ బూత్‌కి వెళ్ళాలి. ఎరిక్ గొంతు సవరించుకున్నాడు. అయిదు రోజులుగా దాచుకున్నదంతా ఇవాళ దేవుడికి చెప్పబోతున్నాడని ఆ సవరింపులోనే తెలిసింది. కుర్చీలోంచి జ్ఞానమణి అంది, "ఇవాళ బ్యూలా చేస్తుంది."

"అమ్మా, ఇంటి యజమాని..."

"ఇంటికి పెద్దదాన్ని నేనింకా బతికే ఉన్నానురా. బ్యూలా, కానివ్వు."

బ్యూలా కళ్ళు మూసుకుంది. ఎరిక్ ప్రార్థనలోని పెద్ద పెద్ద మాటలేవీ గుర్తు రాలేదు. ఫోన్లో అమ్మతో మాట్లాడినట్టే మొదలుపెట్టింది.

"తండ్రీ, నీకు స్తోత్రం. మాకు పేర్లు కూడా తెలియకుండా మా పిల్లల కడుపు నింపిన తల్లుల కోసం స్తోత్రం. మేము తాగిన కప్పు కడిగిన చేతుల కోసం, మా పెద్దలకి భుజం పట్టిన మనుషుల కోసం స్తోత్రం. కొడుకు ముందుకొస్తే, తల్లిని అడగాలని అడ్డం నిలబడిన ఆ అమ్మాయి యామిని కోసం స్తోత్రం. నేను వేరేలా ఆలోచిస్తానని తెలిసి కూడా తన మాట నా చేతిలో పెట్టిన అత్తయ్య కోసం, ఎలా చెప్పాలో తెలియడం లేదు తండ్రీ, నీకు చాలా స్తోత్రం."

ఎరిక్ ఒక కన్ను తెరిచి చూశాడు. కానీ ప్రార్థన మధ్యలో అడ్డుపడడమన్నది ఆ ఇంట్లో లేదు, ఆ నియమం ఆయన పెట్టిందే.

"రేపు ముగ్గురం ఓటు వెయ్యడానికి వెళ్తాం. ఎవరి మనసు వాళ్ళకిచ్చావు. ఎవరి మనసు చెప్పినట్టు వాళ్ళు వేసుకుని, ఇంటికొచ్చాక ఎవరూ ఎవరినీ అడక్కుండా, నలుగురం ఒకే టేబుల్ దగ్గర అన్నం తినేలా చెయ్యి. యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాం తండ్రీ."

"ఆమెన్" అంది జ్ఞానమణి, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.

"ఆమెన్" అంది షెకీనా.

ముప్ఫై ఏళ్ళుగా ఆ చోట ఆ మాటే అంటున్న నోరు కదా, ఆలోచించేలోపే ఎరిక్ కూడా అనేశాడు. "ఆమెన్."